కిందపడ్డ ఫోన్లకు మేం వేసిన ఛార్జింగ్ బోర్డుల గురించి

ఫోన్ కిందపడి ఛార్జింగ్ ఎక్కట్లేదని దసరా నుంచి సంక్రాంతి లోపు మా షాపుకొచ్చి కొత్త ఛార్జింగ్ బోర్డు (ఛార్జరు పిన్ను దూర్చే సాకెట్ ఉండే చిన్న బోర్డు) వేయించుకున్నవాళ్లందరికీ ఈ మాట. ఆ బోర్డుల్లో లోపం ఉంది. మొత్తం 37 తెప్పిస్తే 22 మీ ఫోన్లలోకి వెళ్లిపోయాయి. ఆ 22 ఫోన్లకూ పైసా తీసుకోకుండా వేరే బోర్డు వేస్తాం. బిల్లు పోయినా పర్వాలేదు, రిజిస్టర్‌లో రాసి ఉంది.

టైప్-సి పిన్ను ఎటు తిప్పి పెట్టినా ఛార్జింగ్ ఎక్కాలి. అందుకే సాకెట్‌లో సీసీ1, సీసీ2 అని రెండు లైన్లుంటాయి. ఈ మోడళ్లలో ఒక్కో లైనుకీ గ్రౌండ్‌కీ (మైనస్ వైపుకీ) మధ్య 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్, అంటే కరెంటుకు అడ్డుపడే చిన్న ముక్క, ఉండాలి. అది తగిలితేనే టైప్-సి ఛార్జరు 5 వోల్టులు వదులుతుంది. మైక్రోస్కోప్ కింద చూస్తే సీసీ1 దగ్గర ఆవగింజలో సగం కూడా లేని నల్లటి రెసిస్టర్ ఉంది. సీసీ2 దగ్గర దాన్ని అతికించాల్సిన రెండు ప్యాడ్‌లూ (లోహపు మచ్చలు) ఖాళీ. ఊడిపోయిందనుకోవడానికి లేదు, విరిగిన సోల్డర్ జాడ కూడా లేదు. అసలు వేయనేలేదు. అందుకే టైప్-సి ఛార్జరు పిన్ను ఒక వైపు పెడితే ఎక్కుతుంది, తిప్పి పెడితే ఎక్కదు.

బిగించేటప్పుడు మాకెందుకు దొరకలేదంటే, మేం పరీక్షించింది పాత యూఎస్‌బీ-ఏ (వెడల్పాటి పిన్ను) ఛార్జరుతో. అది ఎవరూ అడక్కుండానే 5 వోల్టులు ఇస్తుంది, సీసీతో దానికి పని లేదు. మీటర్‌లో ఆంపియర్లు బాగానే చూపించేసరికి ఫోన్ మీ చేతికిచ్చేశాం. రెండు కొనలూ సి ఉన్న కేబుల్ తిప్పి పెట్టి చూసుంటే మొదటి రోజే బయటపడేది. ఇది మా తప్పే, ఒప్పుకుంటున్నాం.

డీలరుకు ఫోన్ చేస్తే, "ఎక్కుతోంది కదన్నా, తిప్పి ఎవరు పెట్టి చూస్తారు?" అన్నాడు. మా కస్టమర్లు చూస్తారు. వాళ్లే చూసి చెప్పారు. ఆ మాట ఇప్పటికీ మింగుడుపడటం లేదు.

రెసిస్టర్ ఖరీదు ఎంతో ఉండదు. మేమే అతికించేస్తే మిగిలిన 15 బోర్డులూ పనికొస్తాయి, మీ 22 ఫోన్లూ బాగవుతాయి. వారం రోజులు ఇదే తర్జనభర్జన. రెండింటికి అతికించాం కూడా, చక్కగా పనిచేశాయి. అయినా వద్దనుకున్నాం. సాకెట్ రేకుకుండే కాళ్లు బోర్డు రంధ్రాల్లోకి దిగి, రంధ్రం నిండా సోల్డర్ పట్టాలి. వీటిలో రెండేసి రంధ్రాలు సగం ఖాళీగా ఉన్నాయి. కేబుల్ పెట్టి ఉండగా ఫోన్ మళ్లీ పడితే దెబ్బంతా సన్న పిన్నుల మీదికొచ్చి ప్యాడ్‌లే లేచిపోతాయి. అందుకే 15 బోర్డులూ వెనక్కి పంపేశాం. డబ్బు తిరిగొచ్చినా రాకపోయినా ఆ డీలరు సరుకు ఇక మా కౌంటర్ మీదికి రాదు.

ఇంట్లోనే చూసుకోండి: రెండు కొనలూ సి ఉన్న కేబుల్, టైప్-సి ఛార్జరు తీసుకోండి. ఫోన్ వైపు కొనను ఒకసారి అలా, ఒకసారి తిప్పి పెట్టండి. ఒక వైపే ఎక్కితే ఆ బోర్డే. రెండు వైపులా ఎక్కినా ఆ 22లో మీదుంటే తీసుకురండి, రంధ్రాల సంగతి చెప్పాను కదా.

ఇకమీదట కిందపడ్డ ఫోన్‌కు నేరుగా బోర్డు మార్చం. పడ్డప్పుడు చాలాసార్లు బ్యాటరీ స్ట్రిప్పో, బోర్డును కలిపే స్ట్రిప్పో కనెక్టర్ నుంచి కొద్దిగా లేస్తుంది. తీసి మళ్లీ నొక్కితే సరిపోయే దానికి బోర్డు డబ్బులు దండగ. తర్వాత బ్యాటరీ ఎంత వేడిగా ఉందో ఫోన్‌కు చెప్పే లైను చూస్తాం. చాలా బ్యాటరీల్లో 25 డిగ్రీల దగ్గర అక్కడ 10 కిలో ఓమ్‌లుండాలి. ఆ లైను తెగితే బ్యాటరీ గడ్డకట్టేంత చల్లగా ఉందనుకుని ఫోన్ ఛార్జింగ్ ఆపేస్తుంది, అక్కడ ఎన్ని బోర్డులు మార్చినా ఎక్కదు.

వెనక మూత లేచినా, బ్యాటరీ సొట్టపడినా మాత్రం ఛార్జింగ్ పెట్టి చూడకండి. ఆఫ్ చేసి తెచ్చివ్వండి.

కొత్త బోర్డులు వేరే చోటి నుంచి బుధవారం వస్తాయి. ఒక్కోటీ మైక్రోస్కోప్ కింద చూశాకే వేస్తాం. మోడల్ పేరు ముందే వాట్సాప్‌లో పెడితే తీసి ఉంచుతాం.