ఒక్క ఆటేనా, అన్నీ ఆడాలా?

అందరికీ నమస్తే. పిల్లల్ని చిన్నప్పుడే ఒక్క ఆటకే కట్టేయాలా అని గ్రూప్‌లో చర్చ నడుస్తోంది కదా, నాకు వెంటనే బాస్కెట్‌బాల్ కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ గుర్తొచ్చారు. కెనడాలో మెగిల్ యూనివర్సిటీలో చదివేటప్పుడు ఫుట్‌బాల్, రగ్బీ, లక్రాస్ (వల ఉన్న కర్రలతో బంతిని పట్టి విసిరే ఆట), జిమ్నాస్టిక్స్ అన్నీ ఆడిన మనిషి. తర్వాత అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వ్యాయామ ఉపాధ్యాయుడయ్యారు. 1891 చలికాలంలో బయట ఆడలేక విసిగిపోయిన ఒక క్లాసుని ఆయనకి అప్పగించి, రెండు వారాల్లో లోపల ఆడుకునే కొత్త ఆట తయారుచేయమంటే, ముందు తెలిసిన ఆటలనే గదికి సరిపోయేలా మార్చి చూశారు, అవి కుదరలేదు. అప్పుడు ఆలోచించింది ఏంటంటే, దెబ్బలు తగిలేది బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ని ఆపడం వల్లే కాబట్టి అసలు పరిగెత్తనివ్వకపోతే సరి! గోల్ కూడా తలకంటే పైన పెడితే బలంగా విసరాల్సిన పని ఉండదు. పది అడుగుల ఎత్తులో రెండు పీచ్ పళ్ల బుట్టలు, 13 నియమాలు, అదే బాస్కెట్‌బాల్. ఇన్ని ఆటలు ఒంటికి తెలిసినవాడికే ఇలా తడుతుందని నా గట్టి నమ్మకం.

కోచ్‌గా మాత్రం అమెరికాలోని కాన్సాస్ యూనివర్సిటీలో ఆయనకి 55 గెలుపులు, 60 ఓటములు. అయినా అక్కడ ఆయన దగ్గర ఆడిన ఫాగ్ అలెన్ తర్వాత ఎంత గొప్ప కోచ్ అయ్యారో! నాకైతే గెలుపోటముల కంటే అదే ముఖ్యం.

కోచింగ్ ఇచ్చేవాళ్లు, మీ పిల్లలు ఇంకే ఆటలు ఆడుతున్నారో ఇక్కడ రాయండి, ఏది ఎందుకు ఉపయోగపడిందో కూడా.