సర్వర్‌కి డిస్కులు కొనే ముందు

విశాఖ ద్వారకానగర్‌లో సర్వర్‌కి డిస్కులు కొనబోయేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. ఐదారు వర్చువల్ మెషీన్లకి (ఒకే సర్వర్‌లో విడివిడి కంప్యూటర్లలా నడిచేవి) 1.92 టీబీ ఎస్‌ఎస్‌డీలు నాలుగు తీసుకుని రెయిడ్ 10లో, అంటే ప్రతి డేటా రెండు డిస్కుల్లో ఉండేలా పెట్టండి. అందుకే వాడుకోడానికి వచ్చేది సగం, 3.84 టీబీ. తెరమీద 3.49 అని కనిపిస్తే కంగారు పడకండి, సిస్టమ్ 1024తో లెక్కేస్తుంది. అందులో పావు వంతు ఖాళీగా వదలాలి.

అసలు దెబ్బ థిన్ డిస్కుల దగ్గరే, అంటే మెషీన్లకి పెద్ద సైజు చూపించి, వాడినంతే చోటు తీసుకునే వర్చువల్ డిస్కులు. ఉన్నదానికంటే ఎక్కువ పంచేసి, పాత స్నాప్‌షాట్లు (మెషీన్ ఒక క్షణంలో ఎలా ఉందో దాచిపెట్టినవి) డిలీట్ చేయడం మర్చిపోతే స్టోరేజీ నిండి మెషీన్లు ఆగిపోతాయి. అప్పుడు స్నాప్‌షాట్ డిలీట్ చేద్దామన్నా దానికీ కొంత ఖాళీ కావాలి! 80 శాతం దాటగానే మెయిల్ వచ్చేలా ఇవాళే పెట్టుకోండి.

పెద్ద హార్డ్‌డిస్కులతో రెయిడ్ 5 మాత్రం వద్దండి, అది ఒక్క డిస్కు పోతేనే తట్టుకుంటుంది. పోయిన 8 టీబీ డిస్కు స్థానంలో కొత్తదాన్ని నింపడానికి (రీబిల్డ్‌కి) సగం రోజు పైనే పడుతుంది, ఈలోగా ఇంకోటి పోతే మొత్తం పోయినట్టే. కరెంటు పోయినా రాస్తున్న డేటా పోకుండా కాపాడే పవర్ లాస్ ప్రొటెక్షన్ ఉన్న ఎస్‌ఎస్‌డీలే అడగండి. బ్యాకప్ వేరే పెట్టెలోకి, వీలైతే వేరే బిల్డింగులోకి.