తల్వార్ టీకా రోగుల ఇళ్లకు చేరాలి: కేంద్ర ఆరోగ్య మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయ కేంద్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

కుష్ఠు నివారణ పనిలోనే ఉద్యోగ జీవితం గడిపిన మనిషిగా ఈ లేఖ రాస్తున్నాను. ఒక శాస్త్రవేత్త దశాబ్దాలు వెచ్చించి తయారుచేసిన కుష్ఠు టీకా మన దగ్గరే ఉంది. రోగితో కలిసి బతుకుతున్న ఇంటివారికి దాన్ని అందించండి.

ఆ శాస్త్రవేత్త గురుశరణ్ ప్రాణ్ తల్వార్. 1926లో హిస్సార్‌లో పుట్టారు. పారిస్‌లో డాక్టరేట్ చేసి, 1956లో ఢిల్లీ ఎయిమ్స్‌లో చేరారు. తర్వాత నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇమ్యునాలజీకి వ్యవస్థాపక డైరెక్టర్ అయ్యారు. మహిళల గర్భనిరోధక టీకా మీద ఆయన చేసిన కృషికి మరో లేఖ కావాలి.

కుష్ఠు క్రిమిని పరీక్షనాళికలో పెంచలేం. పైగా వ్యాధి బాగా ముదిరిన రోగుల్లో రోగనిరోధక కణాలు ఆ క్రిమిని చూసి కూడా మిన్నకుంటాయి. అందుకే తల్వార్ బృందం ప్రయోగశాలలో పెరిగే దాని దాయాదుల్ని ఒక్కొక్కటిగా పరీక్షించింది. రోగుల కణాల్లో కదలిక తెచ్చే, మనిషికి హాని చేయని ఒక క్రిమిని ఎంచుకుంది. దాన్ని చంపి టీకాగా ఇస్తారు. మందులతో కలిపి ఇచ్చినప్పుడు రోగుల ఒంట్లో క్రిములు త్వరగా తగ్గాయి.

కాన్పూర్ ప్రాంతంలో రోగుల కుటుంబాల మీద జరిగిన పరీక్షలో మొదటి నాలుగేళ్లలో దాదాపు 68 శాతం రక్షణ కనిపించింది. తొమ్మిదేళ్లు దాటాక అది 39 శాతానికి పడిపోయింది. తమిళనాడులోని చెంగల్పట్టు పరీక్షలో ఫలితం ఇంకా తక్కువ, దాదాపు 26 శాతం రక్షణే. ఈ లెక్కలు దాచి మిమ్మల్ని అడగడం న్యాయం కాదు. అయితే చెంగల్పట్టులో టీకా వేసింది సాధారణ జనాభాకు. నేను అడుగుతున్నది అందరికన్నా ఎక్కువ ముప్పులో ఉన్న ఇంటివారికి. వారికి కొన్నేళ్ల రక్షణ దొరికినా ఎన్నో వేళ్లు, ఎన్నో కళ్లు నిలుస్తాయి!

2005 చివరికి దేశస్థాయిలో కుష్ఠును నిర్మూలించామని ప్రకటించుకున్నాం. పదివేల మందికి ఒక కేసు కన్నా తక్కువ అని దాని అర్థం. అయినా 2022లో మన దేశంలో లక్షకు పైగా కొత్త కేసులు బయటపడ్డాయి. ప్రపంచం మొత్తంలో సగానికి మించి ఇక్కడే.

రోగి ఇంటివారికి కుష్ఠు రాకుండా ఒక మోతాదు రిఫాంపిసిన్ మందు ఇచ్చి అంతటితో ఆగవద్దు. దానితో పాటు ఈ టీకా కూడా వేయించండి. రక్షణ తగ్గే సమయానికి మరో మోతాదు పనిచేస్తుందేమో పరీక్షించడానికి నిధులివ్వండి. జిల్లాల వారీగా ఫలితాలను ఏటా ప్రజల ముందుంచండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆరోగ్య కార్యకర్త,
విజయనగరం