పన్నెండేళ్ల లెక్క తేల్చినవాళ్లకు

అందరికీ నమస్కారం.

పోయిన వారం నా ఖాతాలో గ్రాట్యుటీ డబ్బులు, అంటే ఉద్యోగం మానేశాక చేసిన ఏళ్ల లెక్కన యాజమాన్యం ఇవ్వాల్సిన మొత్తం, పడ్డాయి. మెసేజ్ చూసుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. తర్వాత ఎవరెవరికి ఫోన్ చేసి చెప్పాలో ఒక కాగితం మీద రాసుకోవడం మొదలుపెడితే పేజీ నిండిపోయింది. నా గొంతు సంగతి మీలో చాలామందికి తెలుసు. అంతమందితో మాట్లాడే శక్తి దానికిప్పుడు లేదు. అందుకే రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఒక ప్రైవేటు హైస్కూల్లో సోషల్ టీచర్‌గా 2012 జూన్‌లో చేరాను. 2024 జనవరి 31న మానేశాను. స్వరపేటికలో బుడిపెలు వచ్చాయి, గొంతుకు పూర్తి విశ్రాంతి కావాలన్నారు డాక్టరు గారు. రోజుకు ఏడు పీరియడ్లు చెప్పే ఉద్యోగంలో ఆ విశ్రాంతి ఎక్కడి నుంచి వస్తుంది? రాజీనామా తప్ప దారి లేకపోయింది.

మొదటి దండం మా తెలుగు మేడమ్‌కి. పరీక్షలు రెండు నెలలు కూడా లేవు, పదో తరగతి పిల్లల్ని మధ్యలో వదిలి వెళ్తున్నానన్న బాధతో నాకు నిద్ర పట్టేది కాదు. ఆవిడ తన ఖాళీ పీరియడ్లన్నీ వదులుకుని నా పాఠాలు తీసుకున్నారు. రాత్రిపూట నా నోట్సు చదువుకుని, అనుమానం వచ్చినచోట మెసేజ్ పెట్టి అడిగి, పొద్దున్నే వెళ్లి చెప్పారు. సోషల్ ఆవిడ సబ్జెక్టే కాదు. ఒక్క పైసా అదనంగా తీసుకోలేదు. మేడమ్, ఆ రెండు నెలలు మీరు చేసింది నాకు గ్రాట్యుటీ కంటే పెద్దది.

ఇక రాజీనామా లేఖ. పన్నెండేళ్లుగా పిల్లలకు చెబుతూనే ఉన్నాను: రాష్ట్రపతి తన రాజీనామా ఎవరికి ఇస్తారు? ఉపరాష్ట్రపతికి. ఒక మార్కు ప్రశ్న. 1956లో అరియలూరు రైలు ప్రమాదం తర్వాత లాల్ బహదూర్ శాస్త్రి రైల్వే మంత్రి పదవి వదులుకున్న సంగతి చెప్పేటప్పుడు క్లాసంతా నిశ్శబ్దంగా వినేది. ఇన్ని రాజీనామాల గురించి చెప్పినదాన్ని, నాది రాయడానికి కూర్చుంటే రెండు వాక్యాలు కుదరలేదు.

ఆ ఇబ్బంది లేకుండా ఆఫీసువాళ్లే ఒకటి టైపు చేసి ఇచ్చారు. సంతకం పెడితే చాలు. చివరి వాక్యం ఇలా ఉంది: ‘నాకు యాజమాన్యం నుంచి రావలసిన బకాయిలు ఏవీ లేవు.’ అది అందరూ రాసే మాటే అనుకుని పెన్ను తీశాను. పక్క కుర్చీలో పేపర్లు దిద్దుకుంటున్న మా లెక్కల మాస్టారు ఆ కాగితం అడిగి తీసుకుని చదివారు. ‘ముందు రాజీనామా వరకే రాయండమ్మా. లెక్కలు తేలాక కదా, తేలాయని రాసేది’ అన్నారు. ఆయనే తెల్ల కాగితం ఇచ్చి, చేరిన తేదీ, మానే కారణం, చివరి పనిదినం నా చేతే రాయించారు. రెండో ప్రతి మీద ఆఫీసులో ముట్టినట్టు సంతకం, ముద్ర వేయించుకునేదాకా నాతోనే నిలబడ్డారు. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా ఆ రోజే అడిగి తీసుకోమన్నది ఆయనే. అలాంటి వాక్యం మీద సంతకం పెట్టినా చట్టం ఇచ్చిన హక్కు పోదని తర్వాత వకీలు గారు చెప్పారు. కానీ ఆ సంతకం లేకపోవడం వల్ల ఒక వాదన తప్పింది. పైగా నేను ఎప్పుడు చేరానో నా చేత్తో రాసి, వాళ్ల ముద్ర పడిన కాగితం మిగిలింది. మాస్టారూ, మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు.

గ్రాట్యుటీ మాట ఎత్తగానే వచ్చిన జవాబు: ‘టీచర్లకు అది వర్తించదు, సుప్రీంకోర్టే చెప్పింది.’ నేను నమ్మేశాను. సుప్రీంకోర్టు పేరు చెబితే నమ్మకుండా ఎలా ఉంటాం? రెండు నెలలు ఊరుకున్నాను.

ఒకరోజు నా పాత విద్యార్థిని వాళ్ల తాతగారు, కార్మిక శాఖలో పనిచేసి రిటైరైనవారు, నా ఆరోగ్యం గురించి అడగడానికి వచ్చారు. మాటల్లో ఈ విషయం దొర్లింది. ఆయన నవ్వలేదు, జాలి పడలేదు. కళ్లజోడు పెట్టుకుని, నా పాత క్యాలెండరు వెనక నాలుగు సంవత్సరాలు రాశారు. 1997, 2004, 2009, 2022.

ఒక్కొక్కటీ విడమరిచి చెప్పారు. 1972 నాటి గ్రాట్యుటీ చట్టాన్ని విద్యాసంస్థలకు వర్తింపజేస్తూ 1997 ఏప్రిల్ 3న నోటిఫికేషన్ వచ్చింది. కానీ చట్టంలో ‘ఉద్యోగి’ అనే మాటకు ఉన్న నిర్వచనంలోకి టీచర్లు రారని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. మా స్కూలు పట్టుకున్నది అక్కడే. ఆ నిర్వచనాన్నే పార్లమెంటు 2009లో సవరించింది, అదీ 1997 ఏప్రిల్ 3 నుంచి అమలయ్యేలా. ప్రైవేటు స్కూళ్లు దాన్ని సవాలు చేస్తే 2022 ఆగస్టు 29న సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లుతుందని తీర్పిచ్చింది. అంటే నాకు చెప్పింది అబద్ధం కాదు, ఇరవై ఏళ్ల పాత నిజం. ఆ తర్వాత జరిగింది ఎవరూ చెప్పలేదు, అంతే.

లెక్క కూడా అక్కడే వేశారు. చివరి నెల బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి ఎంతో అడిగారు. 20,800. దాన్ని 26తో భాగిస్తే రోజుకు 800. పదిహేను రోజులకు 12,000. ఏడాదికి అంత చొప్పున. నా సర్వీసు పదకొండేళ్ల ఏడు నెలలు. ఆరు నెలలు దాటితే పూర్తి ఏడాది కిందే లెక్క, కాబట్టి పన్నెండు. 1,44,000 రూపాయలు. ‘ఇది వాళ్లు దయతలచి ఇచ్చేది కాదు టీచరమ్మా, మీ జీతంలాగే మీది’ అన్నారు. యాజమాన్యానికి దరఖాస్తు 30 రోజుల్లో ఇవ్వాలి, నాకు అప్పటికే దాటిపోయింది. ఆలస్యానికి కారణం రాసి ఇవ్వండి, గడువు దాటినంత మాత్రాన హక్కు పోదని దగ్గర కూర్చుని రాయించారు. బాబాయి గారూ, ఆ క్యాలెండరు కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

దరఖాస్తు అందాక మాట మారింది. ‘మీరు చేరింది 2021లో. ఐదేళ్లు పూర్తి కాలేదు.’ కరోనా తర్వాత బడి తెరిచినప్పుడు అందరి చేతా కొత్త నియామక పత్రాల మీద సంతకాలు పెట్టించారు. అది నాకు గుర్తే. అంతకు ముందు తొమ్మిదేళ్లు ఏమైనట్టు? 2012 నాటి నియామక పత్రం నాకెవరూ ఇవ్వలేదు. చాలా ఏళ్లు జీతం చేతికే ఇచ్చారు. మాస్టారు రాయించిన కాగితంలో 2012 అని ఉన్నా అది నా మాటే, రుజువు కాదు. ఈ ప్రక్రియ మొత్తంలో నేను నిజంగా కుంగిపోయింది అప్పుడే. డబ్బు గురించి కాదు. నేను ఆ గదుల్లో లేనని అంటుంటే తట్టుకోవడం కష్టమైంది.

అప్పుడు ఒక తల్లి, నా మొదటి బ్యాచ్ పిల్లాడి అమ్మ, అంది: ‘మీరు లేకపోతే మా వాడి ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం ఎవరిది టీచర్?’

పన్నెండేళ్లూ ఏదో ఒక సెక్షనుకు నేను క్లాస్ టీచర్నే. ప్రతి కార్డు మీద స్కూలు పేరు, సంవత్సరం, ప్రధానోపాధ్యాయుల ముద్ర, పక్కన నా సంతకం ఉంటాయి. ఆ అమ్మ ఇంకో ఇద్దరికి చెప్పింది, వాళ్లు మరికొందరికి. మూడు వారాల్లో కార్డులు రావడం మొదలైంది. ఇంజినీరింగ్ అయిపోయి ఉద్యోగం చేస్తున్న కుర్రాడు కొరియర్‌లో పంపాడు. ఒక తండ్రి, రోజంతా ఆటో నడిపి, రాత్రి తొమ్మిదింటికి వచ్చి, పాలిథిన్ కవర్లో చుట్టిన మూడు కార్డులు ఇచ్చి, మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయారు. ఇల్లు మారినప్పుడు ఏవేవో పారేస్తాం కదా, ప్రోగ్రెస్ కార్డులు మాత్రం ఎవరూ పారేయలేదు. 2012–13 నుంచి 2023–24 వరకు వరుసగా పేర్చుకున్నాం. పదకొండు దొరికాయి.

దొరకనిది 2020–21. అసలు ఆ ఏడు కార్డులే ఇవ్వలేదు, పాఠాలన్నీ ఫోన్లలోనే. ఆ గండం దాటించింది ఇంకో తల్లి. అప్పటి క్లాసు వాట్సాప్ గ్రూపు ఆమె ఫోన్లో చెక్కుచెదరకుండా ఉంది. రోజువారీ హోంవర్కు, హాజరు, నా వాయిస్ మెసేజ్‌లు, తేదీలతో సహా. పాత ఫోన్ చార్జింగు నిలవకపోతే పవర్ బ్యాంక్‌తో సహా పట్టుకుని విచారణకు వచ్చింది. ఆ రోజు ఆమె పని మానుకుని వచ్చిందని నాకు తర్వాత తెలిసింది.

విచారణ కార్మిక శాఖ కార్యాలయంలో, గ్రాట్యుటీ చట్టం కింద కంట్రోలింగ్ అథారిటీగా, అంటే ఇలాంటి తగాదాలు తేల్చేవారిగా, ఉన్న అధికారి ముందు. వకీలును పెట్టుకునే స్తోమత లేక, భయం భయంగా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాను. ఆదాయం ఎంతో అడుగుతారనుకున్నాను. 1987 నాటి చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉందట. నాకు ఇచ్చిన వకీలు గారు వయసులో నా విద్యార్థుల కంటే కాస్త పెద్దమ్మాయి. ఫీజు లేని కేసు అని ఒక్క వాయిదాకు కూడా ఆలస్యంగా రాలేదు. ‘రాజీనామా చేశారు గానీ, రాజీ పడే పని లేదు మేడమ్’ అని మొదటి రోజే ధైర్యం చెప్పింది. వేసవి సెలవులు, లాక్‌డౌన్ వంటివి ఉద్యోగి తప్పు వల్ల వచ్చిన విరామాలు కావు, వాటివల్ల సర్వీసు తెగిపోదని ఆమె వాదిస్తుంటే, నా గురించి ఎవరో ఇంత శ్రద్ధగా మాట్లాడటం వినడం నాకు కొత్తగా అనిపించింది.

ఆ తల్లి ఫోన్లోంచి నా వాయిస్ మెసేజ్ ఒకటి గదిలో వినిపించారు. అక్షాంశాలు, రేఖాంశాల పాఠం. గొంతు ఖంగుమంటోంది. ‘పిల్లలూ, గ్లోబు లేనివాళ్లు నారింజపండు తెచ్చుకోండి’ అంటున్నాను. ఇది మీ గొంతేనా అని అధికారి అడిగారు. ‘అవునండీ’ అన్నాను, ఇప్పుడున్న ఈ బొంగురు గొంతుతో. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ గొంతు ఎక్కడ పోయిందో ఆయనకు అర్థమైందనుకుంటాను.

2025 ఫిబ్రవరిలో ఉత్తర్వు వచ్చింది. పన్నెండేళ్లకు 1,44,000, ఆలస్యానికి వడ్డీ. పై అధికారికి అప్పీలు చేయాలంటే ఆ మొత్తం ముందుగా జమ చేయాలి. వాళ్లు అప్పీలుకు వెళ్లలేదు, కట్టేశారు. ఆ బడి మీద నాకు కోపం లేదని చెబితే నిజం కాదు. కానీ అక్కడి పిల్లలు, అక్కడి బల్లలు ఇంకా నావే అనిపిస్తాయి.

ఇప్పటికీ అక్కడే పనిచేస్తూ నాకు సాయం చేసినవాళ్లున్నారు. మీ గురించి ఇంతకు మించి ఒక్క అక్షరం రాయను. మీకు తెలుసు.

ప్రైవేటు స్కూళ్లలో, కాలేజీల్లో చెబుతున్న నా తోటివాళ్లు నాకు మెసేజ్‌లు పెడుతున్నారు, మాకూ వస్తుందా అని. పదిమంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే సంస్థ అయి, మీకు ఐదేళ్లు నిండితే, రాజీనామా చేసినా వస్తుంది. నియామక పత్రం లేకపోయినా నిరాశపడకండి, మీ సంతకం ఎక్కడెక్కడ మిగిలి ఉందో వెతకండి. న్యాయ సహాయానికి 15100కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. కాగితాలు ఎలా రాయాలో నాకు తెలిసినంత నేనూ చెబుతాను, కాకపోతే మెసేజ్‌లోనే.

కార్డులన్నీ జిరాక్సులు తీసి ఎవరివి వాళ్లకు తిరిగి ఇచ్చేశాను, ఒక్కటి తప్ప. 2015–16, ఎనిమిదో తరగతి బి సెక్షను. ఎవరో కవర్లో పెట్టి మా గేటు లోపల వేసి వెళ్లారు. కార్డు మీది పేరు, పిల్ల మొహం, రెండో బెంచీలో కిటికీ పక్కన కూర్చునేదన్నదీ గుర్తే. ఇప్పుడు ఎక్కడుందో, అది తెచ్చి వేసింది ఎవరో మాత్రం తెలియలేదు. ఇది చదువుతుంటే ఒకసారి రండమ్మా. కార్డు భద్రంగా ఉంది.