‘యావరేజ్’ అని రాసింది నేనే

సంపాదకులకు నమస్కారం.

ఏప్రిల్ వచ్చిందంటే మా ఇంట్లో ఎండల కన్నా ముందు కోడలి రేటింగు టెన్షన్ మొదలవుతుంది. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం, వారానికి మూడు రోజులు హనుమకొండ నుంచే పని. ఈసారి ఐదుకు మూడు వేశారు. ఎందుకని అడిగితే, ‘అందరికీ నాలుగు ఇవ్వలేం కదా, టీంలో ఇంతమందికే అని లెక్కుంటుంది’ అన్నాడట మేనేజరు. ఏం తగ్గిందో మాత్రం చెప్పలేదు. పిల్ల రెండు రోజులు సరిగా తినలేదు. ఓదార్చబోయి ఆగిపోయాను. ఇదే పని ఒకప్పుడు నేనూ చేశాను మరి.

ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో ముప్పై మూడేళ్లు చేసి, సూపరింటెండెంట్‌గా 2014లో రిటైరయ్యాను. కింది వాళ్లకు సీఆర్‌లు, అంటే పనితీరుకు గ్రేడు వేస్తూ ఏటా గుట్టుగా పంపే కాన్ఫిడెన్షియల్ రిపోర్టులు, రాయడం నా పనుల్లో ఒకటి. అప్పట్లో ‘అడ్వర్స్’ అని, అంటే పని బాగోలేదని, రాస్తేనే ఆ ఉద్యోగికి తెలపాలి. అలా రాస్తే రుజువులు చూపాలి, అతను జవాబు రాస్తాడు, యూనియన్ వాళ్లు వచ్చి కూర్చుంటారు. ‘యావరేజ్’ అంటే ఆ గొడవే లేదు, ఎవరికీ చెప్పక్కర్లేదు. కానీ ప్రమోషన్‌కు ‘గుడ్’ కావాలి. ఈ సందు మాలో అందరికీ తెలుసు.

మా సెక్షన్‌లో పింఛను కాగితాలు చూసే గుమాస్తా ఒకతను జమ్మికుంట నుంచి రోజూ రైల్లో వచ్చేవాడు. వారంలో రెండుసార్లన్నా ఆలస్యం. మిగతావాళ్లు నెలకు ఇరవై కేసులు పంపితే ఇతను పన్నెండు. 2005-06లో, ఆ మరుసటి ఏడు కూడా ‘యావరేజ్’ అని రాశాను. నాకు నాలుగు అడుగుల దూరంలో కూర్చునే మనిషికి ఒక్క మాట చెప్పలేదు. పైగా అతనింటి సర్వపిండి మధ్యాహ్నం పంచుకు తినేదాన్ని.

2008లో ప్రమోషన్ల జాబితా వచ్చింది. అతని తర్వాత చేరిన ఇద్దరి పేర్లున్నాయి, అతని పేరు లేదు. ఎందుకో అతనికి తెలియదు. నాకు తెలుసు.

ఆ ఏడాది మే నెలలోనే సుప్రీంకోర్టు దేవ్ దత్ కేసులో తీర్పిచ్చింది. సరిహద్దు రోడ్ల విభాగంలో ఇంజనీరైన ఆయనకు ఒక ఏడాది ‘గుడ్’ పడింది, ప్రమోషన్‌కేమో ‘వెరీ గుడ్’ కావాలి. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. మంచైనా చెడైనా ప్రతి ఎంట్రీ ఉద్యోగికి తెలపాల్సిందేనంది కోర్టు. 2009 మేలో కేంద్రం సీఆర్ బదులు ఏపీఏఆర్, అంటే వార్షిక పనితీరు మదింపు నివేదిక, తెచ్చింది. నివేదిక మొత్తం ఉద్యోగి చేతికివ్వాలి, అభ్యంతరముంటే అతను 15 రోజుల్లో రాసుకోవచ్చు. 2010 ఏప్రిల్‌లో ఇంకో ఉత్తర్వు వచ్చింది: రాబోయే ప్రమోషన్ లెక్కలోకి వచ్చే పాత సీఆర్‌లలో గ్రేడు తక్కువుంటే వాటి నకలూ ఇవ్వాలని.

అలా నా రాత అతని చేతికి పోయింది. నా టేబుల్ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ‘నాడే చెప్తే సర్దుకునేటోణ్ణి కద మేడం’ అన్నాడు. అంతే, పోయి తన సీట్లో కూర్చున్నాడు.

వారం తర్వాత అతని అర్జీ నా అభిప్రాయం కోసం వచ్చింది. దానికో లెక్క జతచేశాడు. ఆ రెండేళ్లలో అకౌంట్స్ వాళ్లు కొర్రీ వేసి తిప్పి పంపిన కేసులు అతనివి మూడే. మిగతా సీట్లవి ఎన్నో చూద్దామని రిజిస్టరు తీస్తే పేజీలకు పేజీలున్నాయి. కొర్రీ పడిందంటే ఏ భర్త పోయిన ఆవిడో ఇంకో మూడు నెలలు మా మెట్లెక్కాలి. నేను పంపిన కేసులు లెక్కపెట్టాను గానీ తిరిగొచ్చినవి పెట్టలేదు. సగం పనే చూసి గ్రేడు వేశానని రాసిచ్చాను. పై అధికారి దాన్ని ‘గుడ్’గా మార్చారు. ఆలస్యం గురించి రాసింది మాత్రం తీసేయమనలేదు, అది నిజమే కాబట్టి. తర్వాతి జాబితాలో అతనికి ప్రమోషన్ వచ్చింది, పోయిన సీనియారిటీ రాలేదు.

ముఖం మీద చెప్తే సంబంధాలు చెడతాయని నాతో పనిచేసిన వాళ్లు ఇప్పటికీ అంటారు. పదిమందిలో నిలబెట్టి అరిస్తే చెడతాయి, నిజమే. తలుపు దగ్గరికేసి, ఫలానా కేసులో ఫలానా కాగితం అని చెప్తే ఎందుకు చెడతాయి? అప్పుడు నాకు లేనిది ఆ పది నిమిషాల ధైర్యం, సంబంధాల మీద ప్రేమ కాదు.

హైదరాబాద్‌లో గానీ, మా మడికొండ ఐటీ పార్కులో గానీ కంపెనీలు నడిపేవారికి నా మనవి. అంకె పక్కన కారణం రాసివ్వండి, జవాబుకు పదిహేను రోజులివ్వండి, ఆ జవాబు చదివి అంకె వేసినవారే మళ్లీ ఒకసారి ఆలోచించి రాయాలని పెట్టండి.

నేను చెప్పగా మా కోడలు ఈ ఏడాది చేసిన పనులన్నీ వరసగా రాసి, ఇందులో ఏది సరిపోలేదో చెప్పమని మేనేజరుకు మెయిల్ పెట్టింది. నిన్నటికి ఆరు రోజులు. జవాబు ఇంకా రాలేదు.

ఇట్లు
ఒక విశ్రాంత ఉద్యోగిని,
బాలసముద్రం, హనుమకొండ