ఈ డిసెంబరులో సైనికుల భార్యల గురించీ రాయండి

సంపాదకుల వారికి నమస్కారాలు.

ఏటా డిసెంబరు 16న మీరు 1971 యుద్ధం గురించి పేజీ నిండా వేస్తారు. ఢాకాలో సంతకాల ఫొటో, 93 వేల మంది పాకిస్తాన్ ఖైదీలు, జనరల్స్ పేర్లు. శ్రద్ధగా చదువుతాను. ఆడవాళ్ల పేరు మాత్రం ఒక్కటీ కనపడదు. ఈసారి దమయంతి తాంబే గారి గురించి రాయమని నా మనవి.

ఆవిడ బ్యాడ్మింటన్‌లో జాతీయ చాంపియన్, అర్జున అవార్డు గ్రహీత. పెళ్లయి రెండేళ్లయినా నిండకముందే, 1971 డిసెంబరు 5న, భర్త ఫ్లైట్ లెఫ్టినెంట్ విజయ్ వసంత్ తాంబే నడుపుతున్న సుఖోయ్-7 యుద్ధవిమానం పాకిస్తాన్‌లోని షోర్‌కోట్ రోడ్ స్థావరం దగ్గర కూలిపోయింది. ఐదుగురు భారత పైలట్లు ప్రాణాలతో పట్టుబడ్డారని అక్కడి పత్రిక ఒకటి రాసింది. ఒక్క అక్షరం తేడాతో అందులో ఆయన పేరూ ఉంది. పట్టుబడ్డ మనవాళ్లను పాకిస్తాన్ వదిలిపెట్టినప్పుడు మాత్రం ఆయన రాలేదు. అలా ఆచూకీ లేకుండా పోయిన మనవాళ్లు 54 మంది అంటారు. తమ దగ్గర ఎవరూ లేరన్నదే పాకిస్తాన్ జవాబు. దమయంతి గారు మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ఢిల్లీలో జేఎన్‌యూలో ఉద్యోగం చేసుకుంటూ భర్త కోసం ఆఫీసుల చుట్టూ తిరిగారు. 2007లో మిగతా కుటుంబాల వాళ్లతో కలిసి పాకిస్తాన్ వెళ్లి అక్కడి జైళ్లలో వెతికారు. అయినా ఆయన జాడ దొరకలేదు.

మా ఆయన పైలట్ కాదు. బెంగళూరు జాలహళ్లిలో ట్రైనింగ్ అయిన రేడియో మెకానిక్, వైమానిక దళంలో ఎయిర్‌మన్. అప్పుడు మేం పంజాబ్‌లోని ఆదంపూర్ వైమానిక స్థావరంలో ఉన్నాం. డిసెంబరు 3 సాయంత్రం పఠాన్‌కోట్, అమృత్‌సర్‌ల మీద బాంబులు పడ్డాయి. ఇక మాకు రోజూ బ్లాకౌటే, బయటికి వెలుతురు కనపడకూడదు. మైదా ఉడకబెట్టి, ఆ జిగురుతో కిటికీ అద్దాలకు నల్ల కాగితాలు అంటించుకున్నాం. కిరసనాయిలు స్టవ్ మంట బయటికి కనపడుతుందని పొద్దుండగానే వంట ముగించేవాళ్లం. రాత్రి చంటిపిల్ల ఏడిస్తే చీకట్లోనే తడుముకుంటూ పాలు పట్టేదాన్ని. మగవాళ్లు రోజుల తరబడి ఇళ్లకు రాలేదు. మా క్వార్టర్ల లైన్లోకి జీపు వస్తే చాలు, ఎవరింటి ముందు ఆగుతుందోనని అందరికీ గుండె దడే. తెలుగు ముక్క రాని పక్కింటి పంజాబీ అక్క రాత్రిళ్లు నా దగ్గరే పడుకునేది.

మాకు యుద్ధం అయిపోయింది, మావారు ఇంటికొచ్చారు. దమయంతి గారికి అయిపోలేదు. ఆ తేడా ఎంతటిదో ఆ రోజులు గడిపిన వాళ్లకే తెలుసు. అందుకే ఇంత గట్టిగా అడుగుతున్నాను.

మా అల్వాల్‌లో, సైనిక్‌పురిలో మాజీ సైనికుల ఇళ్లు చాలా ఉన్నాయి. ఆనాటి భార్యల్లో చాలామంది ఇప్పటికే కన్నుమూశారు. ఉన్నవాళ్లకు జ్ఞాపకాలు చెదరకముందే మీ విలేకరిని పంపండి. సైనిక సంక్షేమ శాఖ కూడా వాళ్ల మాటలు రికార్డు చేయిస్తే బాగుంటుంది. ఎవరెవరు ఎక్కడున్నారో నేను చూపిస్తాను.

– ఒక ఎయిర్‌మన్ భార్య, అల్వాల్, సికింద్రాబాద్