ఎండనీ చలినీ రాసుకున్న ఏడాది: వాతావరణ పరిశీలకుల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మనం చేసిన పనుల్లో పెద్దది, థర్మామీటర్‌ను డాబా గోడ మీంచి తీసేయడం. వినడానికి చిన్న సంగతే. కానీ ఎండకి కాగిన గోడ వేడంతా దానికి తగిలి, వేసవి మధ్యాహ్నాల్లో మన రిజిస్టర్‌లో గాలి వేడికి బదులు గోడ వేడి పడుతూ వచ్చింది. ఇప్పుడది తెల్ల రంగు వేసిన చెక్క పెట్టెలో ఉంది. చుట్టూ ఏటవాలు పలకలు ఉండటంతో గాలి ఆడుతుంది, ఎండ పడదు. 19వ శతాబ్దంలో స్కాట్లాండ్ ఇంజినీరు థామస్ స్టీవెన్సన్ రూపొందించిన పద్ధతే ఇది. పెట్టె గడ్డి నేల మీద ఉంది, తలుపు ఉత్తరానికి తెరుచుకుంటుంది. పాత వేసవి రీడింగులను కొత్తవాటితో పోల్చకండి. వాటిని కొట్టేయలేదు, పక్కన ఎర్ర సిరాతో "గోడ మీద" అని రాశాం.

మన ఊళ్లో ఎండాకాలం అంత ఎండ, చలికాలం అంత చలి ఎందుకని కొత్త సభ్యులు అడుగుతూనే ఉన్నారు. సముద్రానికి దూరంగా ఉండటమే అసలు కారణం. నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి, అంతే బరువున్న పొడి మట్టికంటే దాదాపు 5 రెట్లు వేడి కావాలి. పైగా నీరు కదులుతూ ఆ వేడిని లోతుకు కలిపేసుకుంటుంది. నేల మాత్రం పైపొరలోనే కాగుతుంది, అంత త్వరగానూ చల్లబడుతుంది. సైబీరియాలోని వెర్ఖోయాన్‌స్క్‌లో 1892లో మైనస్ 67.8 డిగ్రీలు, 2020 జూన్ 20న 38 డిగ్రీలు నమోదయ్యాయి. ఒకే ఊళ్లో 105 డిగ్రీలు దాటిన తేడా!

ఏడాది సగటు ఒక్కటి రాస్తే చాలదా అన్న చర్చ కూడా వచ్చింది. చాలదని కమిటీ గట్టిగా నమ్ముతోంది. వేసవిలో 42, చలికాలంలో 2 చూసే ఊరికీ, ఏడాదంతా 22 దగ్గరే ఉండే ఊరికీ సగటు ఒకటే కావచ్చు. వడదెబ్బ తగిలిన మనిషికీ, చలికి కీళ్లు పట్టేసిన ముసలమ్మకీ ఆ సగటుతో ఏం పని? అందుకే గరిష్ఠం, కనిష్ఠం వేరువేరుగా రాయడం ఆపం.

రీడింగుల్లో రెండు పొరపాట్లు తరచూ కనిపించాయి. ఎక్కిన అంకె దగ్గరే ఆగిపోయే గరిష్ఠ థర్మామీటర్‌ను విదిలించి దించడం మర్చిపోతే, నిన్నటి ఎండే ఇవాళ్టి పేజీలోకి వస్తుంది. రెండోది, చీకటితోనే వెళ్లి చూసిన అంకెను కనిష్ఠంగా రాసెయ్యడం. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున అసలు చలి సూర్యోదయం అయిన కాసేపటికి గాని అందదు.

చలికాలం ఉదయం పెట్టె తలుపు తీశాక ఊపిరి బిగబట్టి, ముందు దశాంశం చూసి, తర్వాత పూర్తి డిగ్రీలు చూడమని పాత సభ్యురాలొకరు నేర్పించారు. మన ఒంటి వేడికి ముందు కదిలేది ఆ దశాంశమే. ఆవిడ చెయ్యి రిజిస్టర్ మీద వణుకుతున్నా అంకె మాత్రం స్పష్టంగా ఉంటుంది.

లోతట్టు వీధిలో రెండో థర్మామీటర్ పెట్టాం. గాలి ఆడని రాత్రుల్లో బరువైన చల్లగాలి పల్లానికి జారి అక్కడే నిలుస్తుంది. మిట్ట మీద ఏమీ లేని తెల్లవారుజామున కింద గడ్డి మీద మంచు గట్టిపడి కనిపించింది. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లను పలకరించే పని చలికాలంలో ఆ వీధి నుంచే మొదలుపెడుతున్నాం.

శీతోష్ణస్థితి లెక్కకి 30 ఏళ్ల రికార్డు కావాలి. ఇప్పుడు వాడుకలో ఉన్నది 1991–2020. మన రిజిస్టర్‌లో ఖాళీలన్నీ సెలవు రోజులవే. వచ్చే ఏడాది సెలవుల రోస్టర్ పెట్టె పక్కనే తగిలించాం, పేర్లు రాయండి.